కరెంటుకు చేతులుండవు

టెస్టరు మేస్త్రి తన బావమరిదిని నిచ్చెన మీదినుంచి తోసేశాడన్న మాట మన వీధిలో తెలియనివాళ్ళు లేరు. కుళాయి దగ్గర, కొట్టు ముందు, మెట్ల మలుపులో, ఎక్కడ నలుగురు చేరినా అది ఒకసారి తలెత్తుతుంది. చెప్పేవాళ్ళలో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చెప్పడం మాత్రం నిచ్చెన కాలు పట్టుకుని నిలబడ్డట్టే చెబుతారు. లోకం నోటికి మూత వేయలేం, ఒప్పుకున్నాం. కానీ మూత లేని గిన్నెలో పడ్డ దుమ్మునైనా ఎవరో ఒకరు కడగాలి కదా.

తోయలేదు. లాగాడు. లాగింది కూడా మనిషిని కాదు, నిచ్చెనని.

పడ్డవాడు ఎలాగూ పడ్డాడు, తోస్తే ఏంటి లాగితే ఏంటి అనేవాళ్ళు మేస్త్రి భార్య పడే అవస్థ చూసి ఉండరు. ఆవిడను అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆవిడ తల్లి ఇప్పుడు ఉండేది రెండు వీధుల అవతల, మేడమీది ఒంటిగదిలో, కొడుకు దగ్గర. పెద్దావిడకు మోకాళ్ళు పట్టేశాయి. మెట్లు దిగాలంటే ఒకరు రెక్క పట్టుకోవాలి. కొడుకేమో ఆ పడ్డప్పటినుంచి కాలీడుస్తూ నడుస్తాడు. ఒకరికొకరు ఊత అని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ మెట్ల మీద ఆ లెక్క కుదరదు. మేస్త్రి ఇల్లు చూస్తే కింద వాటా. వెనక గది ఖాళీ. ఒకప్పుడు ఆ తల్లీకొడుకులు ఉన్న గదే అది. మేస్త్రమ్మ ఇప్పటికీ ఆ గది తుడుస్తుంది, దుప్పటి ఉతికి మళ్ళీ అదే మంచం మీద పరుస్తుంది. ఎవరూ పడుకోని పక్కకు మాసేదేముందని అడిగితే, దుమ్ము పడుకుంటోందిగా అంటుంది.

తల్లి మాత్రం నా బిడ్డను తోసినవాడి గడప తొక్కనని మొరాయించి కూర్చుంది. ఆయన తోయలేదమ్మా అని చెప్పాలని మేస్త్రమ్మకు నోటిదాకా వస్తుంది. చెప్పాలంటే ఆ ముక్క ముందు మొగుడి నోటినుంచి ఒక్కసారైనా రావాలి. ఆయన చెప్పలేదు. ఈవిడ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అలా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటూ ఒకే మాట చుట్టూ తిరుగుతూ అలసిపోయారు.

విచిత్రం ఏమిటంటే, వీధిలో ఎవరు కరెంటు గురించి ఏ మాట తప్పుగా అన్నా మేస్త్రి ఊరుకోడు. బడిపిల్లల పలకలు దిద్దినట్టు దిద్దుతాడు. తన మీద పడ్డ ఈ ఒక్క మాటను మాత్రం అలాగే వదిలేశాడు.

ఇంతకీ టెస్టరు అనేది ఆయన పేరు కాదు. బావమరిది పెట్టిన ముద్దుపేరు. వైరింగు పనిలో ప్రతివాడి జేబులోనూ టెస్టరు ఉంటుంది, తీగ ముట్టుకునే ముందు దానితో తాకించి చూడాలి. దీపం వెలిగితే కరెంటు ఉన్నట్టు. ఆ బావమరిదికి ఆ ఓపిక లేదు. మా బావ ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు, ఇంకో టెస్టరెందుకు అనేవాడు. పనివాళ్ళు నవ్వేవాళ్ళు. మేస్త్రి కూడా తిట్టినట్టు తిట్టి, లోపల్లోపల మురిసేవాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. పిలిచినవాడు తుంటి విరిగి పక్కకు తప్పుకున్నా పేరు మాత్రం ఉండిపోయింది.

మేస్త్రి దిద్దుడు సంగతికి వద్దాం. మూలింటి పెద్దావిడ ఒకసారి ఫ్రిజ్జు తలుపు ముట్టుకోగానే జిల్లుమంటే, తడి చేత్తోనే ఆయన దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. షాక్ కొట్టిందయ్యా అంది.

"షాక్ అంటేనే దెబ్బ పిన్నిగారూ. దెబ్బ తగులుతుంది గానీ దెబ్బే వచ్చి కొడుతుందా?"

"నువ్వు ముందు ఫ్రిజ్జు బాగుచెయ్యి నాయనా. నా మాట తర్వాత బాగుచేద్దువుగాని."

ఆయన నవ్వలేదు. మునుపైతే నవ్వేవాడే. ఆవిడ వెంట వెళ్ళి, ఫ్రిజ్జు వెనక్కి వంగి తీగ చూస్తూ, అలసటగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. కరెంటు కొట్టింది అంటాం, పట్టుకుంది అంటాం, లాగేసింది అంటాం, విసిరి పారేసింది అంటాం. దానికేమన్నా చేతులున్నాయా? దానికి దారి తప్ప ఇంకేం తెలియదు. దొరికిన దారిన పోతుంది. ఆ దారిలో మన చెయ్యి ఉంటే కండ బిగుసుకుంటుంది. పట్టుకునేది మన చెయ్యే. వదలలేనిదీ మన చెయ్యే. చేసిందంతా మనం, పేరు మాత్రం దానికి.

మూలింటావిడ ఆ మాటలు విని, ఆయన వెళ్ళాక చాలాసేపు తన చేతుల్ని చూసుకుంది. ఫ్రిజ్జు కథ మరిచిపోయింది గానీ ఆ ఆఖరి ముక్క మరిచిపోలేదు.

అసలు జరిగింది ఇది. కొత్తగా కడుతున్న ఆఫీసు భవనంలో మేస్త్రికి వైరింగు పని. పొద్దున టీ దగ్గర బావకూ బావమరిదికీ మాటా మాటా అనుకున్నారు. బావమరిది వేరుగా పని పట్టుకుంటానన్నాడు. ముందు ఉన్న పని తిన్నగా చెయ్యడం నేర్చుకో అన్నాడు మేస్త్రి. అంతే గొడవ. ఇళ్ళలో రోజూ జరిగేదే. కానీ పక్కన టైల్సు పరిచే మేస్త్రి గ్లాసు పట్టుకుని వింటున్నాడు. తర్వాత పై అంతస్తులో పెద్ద హాలులో బావమరిది చెక్క నిచ్చెన ఎక్కి పైకప్పు పెట్టెలో తీగలు అతకబోతున్నాడు. మేస్త్రి బయట వరండాలో ఉన్నాడు. పనిసంచీ అక్కడే, ఆ అంతస్తు మెయిన్ బోర్డు కూడా వరండాలోనే, ఆ చివర. మేస్త్రి లోపలికి వచ్చేసరికి బావమరిది చెయ్యి తీగ మీద బిగుసుకుపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది, కేక రావడం లేదు. బోర్డు దాకా పరుగెత్తాలంటే మూల తిరగాలి. చేత్తో లాగితే ఇద్దరూ పోతారు. నిచ్చెన చెక్కది, చేతికి అందేంత దూరంలో ఉంది. మేస్త్రి దాన్ని రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. మనిషి బరువుకు తీగ మీది పట్టు ఊడి, వాడు నేలమీద పడ్డాడు. తుంటి విరిగింది. ప్రాణం నిలిచింది.

సరిగ్గా ఆ గుంజినప్పుడే టైల్సు మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు. అంతకుముందుది చూడలేదు. చూసింది నిచ్చెన కదలడం, మనిషి పడడం, మేస్త్రి చేతినుంచి జారిన నల్లటేపు చుట్ట దొర్లుకుంటూ వచ్చి తన కాలి దగ్గర ఆగడం. పొద్దున విన్న గొడవ ముందు పెట్టి, ఇది వెనక పెట్టి, రెండూ కలిపి కుట్టాడు. సాయంత్రానికల్లా ఆ కుట్టిన గుడ్డ మన వీధికి చేరింది.

ఆ పూట ఇంట్లో జరిగింది ఇంకా ఘోరం. పని చూసే సూపర్వైజరు మేస్త్రమ్మకు ఫోన్ చేసి, అమ్మా, మీ తమ్ముడు ఎలక్ట్రోక్యూట్ అయ్యాడు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం అని పెట్టేశాడు. షాక్ తగిలింది అంటే సరిపోయేదానికి పెద్ద మాట వాడితే పెద్దమనిషి అవుతాననుకున్నాడు కాబోలు. మేస్త్రమ్మకు ఆ మాట అర్థం కాలేదు. మేడమీద అద్దెకుండే పంతులమ్మ దగ్గరకు పరుగెత్తి, ఆ మాటను మరిచిపోకుండా దారంతా వల్లెవేసుకుంటూ వెళ్ళి చెప్పింది. పంతులమ్మ మొహం పాలిపోయింది. ఆ మాట ఎప్పుడు వాడతారంటే, కరెంటు తగిలి మనిషి పోతేనే, అంది. వెనక గదిలోంచి వచ్చి మెట్ల కింద నిలబడ్డ తల్లి అది విన్నది.

ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆ తల్లి కొడుకును పోగొట్టుకుంది. వెళ్ళాక కొడుకు ఉన్నాడు. కానీ ఒకసారి ఏడ్చేసిన ఏడుపు వెనక్కి వెళ్ళదు కదా. దానికి తోడు డాక్టరు బయటికొచ్చి, పేషంటు షాక్‌లో ఉన్నాడు, జాగ్రత్త అన్నాడు. రక్తం ఆడడం తగ్గి ఒళ్ళు చల్లబడితే డాక్టర్లు షాక్ అంటారట. అది వేరు, కరెంటు షాక్ వేరు. పెద్దావిడకు అదెలా తెలుస్తుంది? ఇంకా వాడి ఒంట్లో కరెంటు ఉందేమోనని ముట్టుకోవడానికి జంకింది. మంచం పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ముట్టుకో అత్తయ్యా. కరెంటు ఒంట్లో నిలవుండదు. అదేమన్నా కుండలో నీళ్ళా?" అన్నాడు మేస్త్రి, ఆవిడ చేతిని తీసి కొడుకు నుదుటి మీద పెట్టి.

అల్లుడు చెప్పిన మాట ఆవిడ విన్నది అదే ఆఖరు. మర్నాడు టైల్సు మేస్త్రి మాట ఆవిడ చెవిన పడింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు చూడవచ్చినవాళ్ళు. నిజమేనా అని అల్లుణ్ణి అడిగింది. ఆయన తల దించుకుని గోడకు ఆనుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు. ఆసుపత్రినుంచి ఆ తల్లీకొడుకులు వెనక గదికి రాకుండా నేరుగా మేడమీది ఒంటిగదికి వెళ్ళిపోయారు.

మెయిన్ ఎందుకు ఆపలేదని కంట్రాక్టరు విచారించాడు. మధ్యలో ఎవరో వేసి ఉంటారని తేల్చాడు. ఎక్కడైనా అంతే, ఆ ఎవరో అనేవాడు దొరకడు, మారు మాట్లాడడు, వాడి మీద ఎంత మోపినా మోస్తాడు. బావమరిదికేమో నిచ్చెన ఎక్కింది గుర్తుంది, ఆసుపత్రిలో లేచింది గుర్తుంది, నడుమ సున్నా. ఇప్పుడు కూర్చుని చేసే పని, పాడైన సెల్‌ఫోన్లలో ఊడిన అతుకులకు టాంకాలు వేస్తాడు. బావ మీద వాడికి కోపం ఉన్నట్టూ కనబడదు, ప్రేమ మిగిలినట్టూ కనబడదు. తోశాడో లాగాడో, బతికున్నాను, ఇక వదిలెయ్యక్కా అంటాడు.

మేస్త్రి మారింది అప్పటినుంచే. మాటల మీద పడ్డాడు. ఆ పెద్ద మాటను తెచ్చి ఇంట్లో పడేశారన్న కోపమో ఏమో, ఒకనాడు పంతులమ్మను మెట్ల దగ్గర ఆపి, ఎలక్ట్రోక్యూట్ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమన్నాడు. పంతులమ్మ పుస్తకాలు చూసి చెప్పింది. ఎక్కడో దూరదేశంలో, మరణశిక్ష పడ్డవాళ్ళను ఉరి తీసే బదులు కుర్చీలో కూర్చోబెట్టి కరెంటు పెట్టి చంపే పద్ధతి కనిపెట్టారట. దానికి ఒక పేరు కావాల్సి వచ్చింది. కరెంటు అనే మాట సగం, శిక్ష అమలు చేయడం అనే మాట సగం, రెండూ ముక్కలు చేసి కలిపేశారు. తర్వాత కరెంటు తగిలి ఎవరు పోయినా అదే అనసాగారు. ఇప్పుడు చిన్న చురుకు తగిలినా కొందరు అదే అంటున్నారు.

"అతుకు మాటన్నమాట. తీగలు మెలేసి టేపు చుట్టినట్టు."

"అలాంటిదే" అంది పంతులమ్మ.

"అయితే మొదట్లో, దానంతటది తగిలితే ఆ మాట రాదు. ఎవరో ఒకరు మీట వెయ్యాలి."

పంతులమ్మ ఔనంది. మెట్ల చివర కూర్చుని చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు. మేస్త్రమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

పనిచోట ఇంకో పట్టు పట్టాడు. తన కింద పనిచేసేవాళ్ళు ఎవరూ మెయిన్ తీశాను అనకూడదు. ఆపాను అనాలి. ఏది ఆపారో పేరు పెట్టి చెప్పాలి. పనివాళ్ళకు ఇది వేళాకోళంగా ఉండేది. తరతరాలుగా లైటు తియ్యి, ఫ్యూజు తియ్యి అనే అంటున్నాం కదా మేస్త్రీ అనేవాళ్ళు. ఆయన విసుక్కునేవాడు. తలుపు తియ్యి అంటే తెరవమని, లైటు తియ్యి అంటే ఆర్పమని, సంచీలోంచి తియ్యి అంటే బయటపెట్టమని. ఒక్క మాట ఇన్ని కొలువులు చేస్తే ఎక్కడో ఒకచోట పని చెడుతుంది, ఆ మాట నా దగ్గర వద్దు అనేవాడు. ఎవరైనా నోరు జారి తీశానంటే చాలు, పని ఆపించి తనే బోర్డు దాకా నడిచి, కళ్ళతో చూసి, టెస్టరుతో తాకి, తిరిగొచ్చేవాడు. రోజుకు ఎన్నిసార్లు నడిచేవాడో, ఇంటికొచ్చేసరికి కాళ్ళు దిమ్మెక్కి ఉండేవి. మేస్త్రమ్మ వేడినీళ్ళు పెడితే, వాటిలో కాళ్ళు పెట్టి అలాగే నిద్రలోకి జారేవాడు.

ఒకసారి కొట్టు దగ్గర టీ తాగుతుంటే ఎవరో మాటవరసకు, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు. మేస్త్రి సగం టీ అక్కడే పెట్టి లేచిపోయాడు. పాపం, తోసేశాడన్న పుకారు గుర్తొచ్చిందని అందరూ జాలిపడ్డారు. ఆ జాలి మేస్త్రమ్మదాకా వచ్చింది. ఆవిడా అలాగే అనుకుంది.

ఈమధ్య ఒక ఆదివారం మేస్త్రమ్మ తల్లిని చూడబోయింది. కొడుకు పనికి పోయాడు. తల్లి మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. ఒక్కతే దిగబోయిందట, మోకాలు వంగలేదట, పైకీ పోలేక కిందికీ రాలేక గోడ పట్టుకుని ఎండపొడ మొహాన కొడుతుంటే అలాగే కూర్చుందట. ఎంతసేపు అయిందమ్మా అంటే, ఎంతసేపైతేనేం, ఎవరికి తొందర అంది. మా ఇంటికి రా అమ్మా అంటే మళ్ళీ అదే మాట. వాడు తోయలేదని నీకు తెలుసా, నువ్వు చూశావా, నీ మొగుడు చెప్పాడా, అంది. మేస్త్రమ్మ తల్లిని రెక్క పట్టి మేడకెక్కించి, అన్నం పెట్టి, ఇంటికి నడిచొచ్చింది. దారంతా ఒకటే అనుకుంది. ఇవాళ అడగాలి.

మధ్యాహ్నం మేస్త్రి నేలమీద కాళ్ళు చాపుకుని, ఇస్త్రీపెట్టె తీగ బాగుచేస్తున్నాడు. తీగ ఎక్కడో లోపల తెగింది. పని మొదలుపెట్టేముందు ప్లగ్గు ఏమైందన్నాడు. పీకేశానంది. అయినా లేచి వెళ్ళి చూసొచ్చాడు. తెగినచోట కోసి, రాగి పోగులు మెలేసి, కళ్ళు చికిలించి చూసుకున్నాడు. వేళ్ళ కొసలు నల్లగా, పాత కాలిన మచ్చలతో, చెట్టు బెరడులా ఉన్నాయి. ఆ చేతులు తన తమ్ముణ్ణి తోశాయా అని ఆవిడ ఎన్ని పూటలు అన్నం వడ్డిస్తూ చూసిందో.

"సంచీలో టేపుంది, ఇటివ్వు."

ఆవిడ సంచీ వెతికి, "ఇదిగో, తీశాను" అంది.

మేస్త్రి చెయ్యి ఆగింది. పోగులు పట్టుకున్న వేళ్ళు అలాగే బిగుసుకున్నాయి. పనివాళ్ళ మీద విసుక్కున్నట్టు విసుక్కుంటాడేమో అనుకుంది. విసుక్కోలేదు. మేస్త్రమ్మ టేపు ఇవ్వలేదు. ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ. మా తమ్ముణ్ణి మీరు తోశారా?"

"లాగాను. నిచ్చెనని" అన్నాడు.

ఆవిడకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది. వెనకే కోపం వచ్చింది. ఇన్నాళ్ళు తుడిచిన గది, ఉతికిన దుప్పటి, మెట్ల మీద ఎండలో కూర్చున్న తల్లి, అన్నీ వరసగా నోటికి వచ్చాయి. చాలా అంది. ఆయన తలెత్తకుండా విన్నాడు. చివరికి ఆవిడే అలసి, గొంతు తగ్గించి అడిగింది.

"వీధిలో ఎవరి నోట ఏ మాట తప్పొచ్చినా దిద్దుతారే. ఈ ఒక్క మాట ఎందుకు దిద్దలేదు? రేపు పొద్దున్నే వెళ్ళి మా అమ్మకు చెబుతాను. ఆయన లాగకపోతే నీ కొడుకు ఉండేవాడు కాదని చెబుతాను. చెప్పనా, వద్దా?"

మేస్త్రి ఆవిడ చేతిలోని టేపు చుట్టనే చూస్తూ అన్నాడు.

"చెప్పు. అక్కడితో మాత్రం ఆగకు. వాడు ముందు టేపు అడిగాడు. నేను వరండాలోకి వెళ్ళి సంచీ వెతుకుతున్నాను. లోపల నిచ్చెన మీదినుంచి 'బావా, తీశావా' అని కేకేశాడు. తీశానన్నాను. వాడడిగింది మెయిన్ సంగతి. నేను తీసింది, అదిగో, నీ చేతిలో ఉన్నది."